వంతు, చుట్టు, పర్యాయము: పాత్రపోషణ క్రీడలలో యుద్ధక్రమ సూత్రముల అర్థనిర్ణయము

పీఠిక

ఆటలో ఎవరు గెలిచిరి అను ప్రశ్నకంటె, ఏది ముందు జరిగినది, ఏది తరువాత జరిగినది అను ప్రశ్నయే ఒక్కొక్కప్పుడు బలవత్తరమగును. మహాభారత సభాపర్వమున ద్రౌపదిని కొనిపోవుటకై ప్రాతికామి వచ్చినప్పుడు ఆమె వానిని త్రిప్పి పంపి అడిగించిన ప్రశ్న ఇట్టిదే. ధర్మరాజు ముందుగా తన్ను తాను ఓడెనా, లేక నన్ను ఓడెనా అని ఆమె అడిగినది. పాచికలు ఎట్లు పడినవని అడుగలేదు. ఏ పందెము తరువాత ఏ పందెము జరిగినదని అడిగినది. తన్ను ఓడిన పిదప పరులను పణముగా ఒడ్డు అధికారము ఉండునా అనునది అందలి ధర్మసందేహము. భీష్మునివంటివాడు ధర్మము సూక్ష్మమని చెప్పి నిర్ణయింపలేకపోయెను. వికర్ణుడు ఆమె పక్షమున పలికెను. ఆటయందలి క్రమము న్యాయమునకు ఆధారమగుట మనకు క్రొత్త గాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఈ వ్యాసమున పరిశీలింపదలచినది అమెరికా దేశమున పుట్టిన ఒక నవీనక్రీడ. నేను తమిళనాట హొసూరు ప్రాంతమునందలి ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడను. బెంగుళూరున చదువుకొనుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు ఈ ఆటను మా తొమ్మిదవ తరగతి పిల్లలకు నేర్పినాడు. శనివారము మధ్యాహ్నము పుస్తకముల గదిలో వారు దానిని ఆడుదురు. సూత్రములన్నియు ఇంగ్లీషున నుండుటచే పిల్లల కోరికపై నేను వానికి తెలుగున ఒక సంగ్రహమును వ్రాసి యిచ్చితిని. ఆ సంగ్రహమున దొరలిన ఒక్క మాట పొరపాటు ఒక బాలికకు అన్యాయము చేసినది. దానిని చెప్పవలెనన్న ముందుగా ఆట స్వరూపమును చెప్పవలెను.

క్రీడాస్వరూపము

ఈ క్రీడలో బల్లచుట్టు కొందరు కూర్చుందురు. ప్రతివాడును ఒక కల్పితపాత్రను ధరించును: ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. వేరొకడు కథను నడపును. రాక్షసులు, బాటసారులు, వాన, గాలి అన్నియు అతని చేతిలోనివే. సంశయము కలిగినప్పుడు తీర్పు చెప్పువాడును అతడే. అతనిని ఇంగ్లీషున డంజన్ మాస్టర్ అందురు. మా పిల్లలు నాటకభాషలో సూత్రధారుడని పిలుచుచున్నారు. పాత్ర ఏమి చేయదలచినదో ఆటగాడు నోటితో చెప్పును. ఫలితము సందిగ్ధమైనచో ఇరువది ముఖముల పాచిక వేసి నిర్ణయింతురు.

ఇట్టి ఆటకు మూలము సైనికశిక్షణలో నున్నది. 1824లో ప్రష్యా దేశపు సేనాధికారియగు రైస్విట్జ్ యుద్ధక్రీడాసూత్రములను ప్రకటించెను. పటముపై దళముల గుర్తులను జరుపుచు ఆడు ఆ ఆటలో ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు సమానము. ఇరుపక్షముల ఆజ్ఞలను గైకొని ఫలితమును ప్రకటించుటకు మధ్యస్థు డొకడుండెను. నేటి సూత్రధారునకు అతడు పూర్వపురుషుడు. 1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు మధ్యయుగపు పోరాటములకై 'చైన్‌మెయిల్' అను సూత్రగ్రంథమును వెలువరించిరి. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పాత్రపోషణ క్రీడను విస్కాన్సిన్ రాష్ట్రమునందలి లేక్ జెనీవా పట్టణమునుండి ప్రకటించిరి. దళమునకు మారుగా ఒక్కొక్క మనుష్యుని పాత్రను ఆటగాని చేతికిచ్చుట ఇందలి విశేషము.

కథ సాగునంతసేపు ఎవరు ముందు మాటాడినను చిక్కు లేదు. కత్తులు దూసినంతనే చిక్కు వచ్చును. అందరును ఒక్కసారి మాటాడిన ఆట సాగదు. ఒకరి తరువాత ఒకరు మాటాడిన యుద్ధము యుద్ధమువలె నుండదు. ఏకకాలమున జరుగు పోరును వరుసగా చెప్పవలసి వచ్చుటయే ఈ సూత్రములన్నింటికిని మూలకారణము. ఒకే ముహూర్తమున నలుదిక్కుల జరిగిన పోరును పౌరాణికుడు ఒక దిక్కు తరువాత ఒక దిక్కుగా చెప్పును. వినువాడు మాత్రము అన్నియు ఒకమారే జరిగినట్లు భావించుకొనును. ఇచటను అంతే.

సంజ్ఞాపరిచ్ఛేదము

ఈ యుద్ధసూత్రములలో ముఖ్యమైన మాటలు రెండు: రౌండు, టర్న్. 2014లో వెలువడిన అయిదవ కూర్పు ప్రకారము రౌండనగా కథాలోకమున సుమారు 6 సెకండ్ల కాలము. ఆ కాలమున పోరులో పాల్గొనుచున్న ప్రతి ప్రాణికిని ఒక టర్న్ వచ్చును. అందరి టర్నులును ముగిసినచో ఒక రౌండు ముగిసినట్లు. పోరు తెగనిచో మరల అదే వరుసలో మరియొక రౌండు మొదలగును.

తెలుగున టర్న్ అనుటకు 'వంతు' అను మాట చక్కగా సరిపోవును. రౌండు అనుటకు 'చుట్టు' అనునది సహజమైన మాట. ఒక చుట్టులో ఎందరుందురో అన్ని వంతులుండును. ఇంతవరకు స్పష్టమే.

అయితే ఈ సంజ్ఞలు ఎల్లకాలము ఒకే అర్థమున లేవని గమనింపవలెను. 1977 మొదలు 1979 వరకు వెలువడిన 'అడ్వాన్స్‌డ్' కూర్పులో రౌండనగా ఒక నిమిషము. అట్టి పది రౌండ్లు కలిసి ఒక టర్న్. రౌండులో పదియవ భాగము సెగ్మెంటు. అనగా నాడు టర్న్ పెద్దది, రౌండు చిన్నది. 2000 నాటి మూడవ కూర్పులో రౌండు 6 సెకండ్లకు తగ్గినది. టర్న్ అనునది ఒక్కొక్కరి వంతుగా రౌండులోపల ఇమిడినది. పాతకూర్పు చదివినవాడు క్రొత్తకూర్పున టర్న్ అను మాటను చూచి పది నిమిషములని తలచినచో మంత్రము నిలుచు కాలమంతయు తారుమారగును. ఏ శాస్త్రమునందైనను సంజ్ఞను ఆ శాస్త్రము చెప్పిన అర్థముననే గ్రహింపవలెను. వ్యాకరణమున 'కళ' అన్నప్పుడు చంద్రకళను తలచువాడు లేడు గదా!

వరుసయు, వంతులోని పనులును

పోరు మొదలగునప్పుడు ప్రతి ఆటగాడును తన పాత్రకై పాచిక వేసి దానికి చురుకుదనపు అంకెను కలుపును. ఎక్కువ వచ్చినవారు ముందు. దీనిని ఇనీషియేటివ్ అందురు; మా సంగ్రహమున 'వరుస పందెము' అని వ్రాసితిమి. ఈ పందెము సాధారణముగా ఒకమారే వేయుదురు. పోరు ముగియువరకు అదియే వరుస. ఇద్దరు ఆటగాండ్ర అంకెలు సమమైనచో ఎవరు ముందో వారే నిశ్చయించుకొందురు. రాక్షసునకును ఆటగానికిని సమమైనచో సూత్రధారుడు నిర్ణయింపవచ్చును.

తన వంతు వచ్చినవాడు తన వేగమునకు తగినంత దూరము నడువవచ్చును. ఒక క్రియ చేయవచ్చును. కొట్టుట, మంత్రము వేయుట, పరుగిడుట, దెబ్బలు తప్పించుకొనుట మున్నగునవి క్రియలు. పాత్రకు గల విశేషశక్తి ఏదైనను అనుమతించినప్పుడే ఒక ఉపక్రియయు చేయవచ్చును. ఇవిగాక ప్రతిక్రియ అనునది యొకటి కలదు. అది ఒక నిమిత్తము ఏర్పడినప్పుడు తటాలున చేయు పని. తన వంతునందైనను, పరుల వంతునందైనను చేయవచ్చును. ఒకమారు ప్రతిక్రియ చేసినవాడు తన తరువాతి వంతు మొదలగువరకు మరియొకటి చేయరాదు.

ప్రతిక్రియలలో ఎక్కువగా కనబడునది ఒకటి కలదు. శత్రువు మన కత్తి అందుబాటునుండి తొలగిపోవుచున్నప్పుడు వానిపై ఒక దెబ్బ వేయుట అది. దీనికి మేము 'అదను దెబ్బ' అని పేరిడితిమి. శత్రువు తన క్రియను వినియోగించి జాగ్రత్తగా వెనుదీసినచో అదను దెబ్బకు తావు లేదు. వానిని మరియొకరు త్రోసివేయగా తొలగినను తావు లేదు.

అర్థనిర్ణయమార్గములు

సూత్రములు ఇంతే యైనను వివాదములు వచ్చుచునే యుండును. వానిని తీర్చుటకు నాలుగు మార్గములు నాకు తోచినవి. ఇవి క్రొత్తవి కావు; సంధిసూత్రములను బోధించునప్పుడు మన మనుసరించునవే.

మొదటిది ఉత్సర్గాపవాదన్యాయము. సామాన్యసూత్రమును విశేషసూత్రము బాధించును. ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు సంధి నిత్యమని చిన్నయసూరి బాలవ్యాకరణమున విధించినాడు; కావున 'రాముడు + అతడు' అనునది 'రాముడతడు' అనియే యగును. కాని ప్రథమేతర విభక్తులయందలి ఉకారమునకు ఆ సంధి వైకల్పికమని పిదప విశేషించినాడు. కావున 'నన్నడిగె', 'నన్నునడిగె' అను రెండును సాధువులే. రెండవ సూత్రము మొదటిదానిని కొట్టివేయలేదు. తన పరిధిలో మాత్రము తొలగించినది. అయిదవ కూర్పు గ్రంథము తన పీఠికలోనే ఈ న్యాయమును కంఠోక్తిగా చెప్పుచున్నది. వంతునకు ఒక్క క్రియ అనునది సామాన్యము. రెండవ స్థాయి యోధుడు విశ్రాంతికి విశ్రాంతికి నడుమ ఒకమారు అదనపు క్రియ చేయవచ్చుననునది విశేషము. మా పిల్లల అష్టాచెమ్మలోను ఇదియే కలదు. ఒకరి తరువాత ఒకరు గవ్వలు వేయవలెననునది సామాన్యము. చెమ్మయో అష్టయో పడినవాడు మరల వేయవచ్చుననునది విశేషము. ఈ పోలిక చెప్పిన పిమ్మట పిల్లలకు సంధి సుబోధమైనది, ఆటయు సుబోధమైనది.

రెండవది పూర్వాపరవిచారము. ప్రతిక్రియ నిమిత్తమునకు ముందు జరుగునా, పిదప జరుగునా? సూత్రము ప్రత్యేకించి చెప్పనిచో పిదపనే జరుగును. 'కాచుకొనుట' అను క్రియను చూడుడు. ఒకడు తన వంతున వెంటనే కొట్టక, "ఆ తలుపు తెరచుకొన్నచో బాణము వేయుదును" అని నిమిత్తమును ముందుగా చెప్పి కాచుకొనవచ్చును. తలుపు తెరచుకొనుట పూర్తియైన పిదపనే అతని బాణము వెడలును. ఆ బాణము అతని ప్రతిక్రియగా లెక్కకు వచ్చును. అదను దెబ్బ అట్లు కాదు. శత్రువు తొలగిపోయిన పిదప కత్తి వానికి అందదు గనుక, తొలగుటకు సరిగా ముందే ఆ దెబ్బ జరుగునని సూత్రము ప్రత్యేకించి చెప్పినది. ఈ భేదమును మరచినవారు, కాచుకొన్న దెబ్బచే శత్రువు చర్యను ఆరంభముననే ఆపివేయగలమని వాదింతురు. అది నిలువదు.

మూడవది అన్వయము. "తరువాతి వంతు చివరవరకు" అన్నప్పుడు ఎవరి వంతు? మఠములో శిక్షణ పొందిన యోధుడు శత్రువును స్తంభింపజేయు శక్తి యొకటి కలదు. 2014 గ్రంథమున అది "నీ" తరువాతి వంతు చివరవరకు నిలుచునని యున్నది. ఇచట నీవనగా కొట్టినవాడు. దెబ్బ తిన్నవాని వంతని అన్వయించినచో స్తంభనము ముందే విడిపోవచ్చును. ఇట్టి సందర్భమున మన భాషకు గల సౌలభ్యమును చూపవలెను. ఇంగ్లీషున 'ఇట్స్' అను సర్వనామము వాక్యములోని ఇద్దరిలో ఎవరికైనను అన్వయింపగలదు. తెలుగున 'తన' అన్నచో కర్తకు, 'వాని' అన్నచో ఇతరునకు. అనువాదమున ఈ రెంటిని వేరుపరచి వ్రాయగానే సగము వివాదములు పుట్టకయే పోయినవి.

నాలుగవది తీర్పు. సూత్రము మాటాడనిచోట సూత్రధారుడు నిర్ణయించును. ఉప్పెనలో కొట్టుకొనిపోవుచున్న పడవపై నిలిచి బాణము వేయుట ఎంత కష్టమో గ్రంథము చెప్పలేదు; అతడు చెప్పును. కాని సూత్రము స్పష్టముగా మాటాడుచోట తన ఇష్టము చెప్పుట తీర్పు కాదు, సూత్రమును మార్చుట. మార్చదలచినచో ఆట మొదలిడకముందే అందరి యెదుట మార్చవలెను. గ్రంథకర్తలును అట్లే చేయుదురు. ఏమరుపాటున చిక్కినవాడు తన మొదటి వంతున కదలరాదు, క్రియ చేయరాదని 2014 కూర్పు చెప్పుచుండగా, 2024 కూర్పు దానిని తొలగించి, అట్టివాడు వరుస పందెమున రెండు పాచికలు వేసి తక్కువదానిని గ్రహింపవలెనని మాత్రము విధించినది. ఏ కూర్పు ననుసరించి ఆడుచున్నామో ముందుగా చెప్పుకొననిచో, ఇరువురును గ్రంథమునే చూపుచు ఇరువురును తగవులాడుదురు.

మా బడిలో వచ్చిన వివాదము

ఇక నా పొరపాటు. దొంగపాత్రకు ఒక విశేషశక్తి కలదు. తెలుగువారికి దాని పేరు వెదుకవలసిన పని లేదు, అది 'దొంగదెబ్బ'. శత్రువునకు అయిదడుగుల లోపల తన మిత్రుడొకడు నిలిచి వానిని వ్యగ్రుని చేయుచున్నప్పుడు, దొంగ చురకత్తితో కొట్టిన దెబ్బకు అదనపు పాచికల హాని కలుగును. మొదటి స్థాయిలో అది ఒక్క ఆరుముఖముల పాచిక. ఈ శక్తిని టర్న్ ఒక్కింటికి ఒకమారు వాడవచ్చునని గ్రంథమున నున్నది. నేను సంగ్రహమున "పర్యాయమునకు ఒకమారు" అని వ్రాసితిని. మాట శిష్టముగా నున్నదని సంతోషించితిని.

ఒక శనివారము దొంగపాత్ర ధరించిన బాలిక తన వంతున రాక్షసునిపై దొంగదెబ్బ వేసినది. అదే చుట్టులో రాక్షసుని వంతు వచ్చినది. వాడు గాయపడి, హెచ్చరిక గంట మ్రోగించుటకై పరుగిడెను. ఆమె ప్రతిక్రియగా అదను దెబ్బ వేసినది; దెబ్బ తగిలినది. మిత్రుడు ఇంకను ప్రక్కనే యున్నాడు. కావున మరల దొంగదెబ్బ పాచిక వేయుదునన్నది. సూత్రధారుడుగా నున్న బాలుడు నన్ను అడిగెను. నేను నా సంగ్రహమును చూచి, ఈ చుట్టులో ఒకమారు వాడినావు గదా, పర్యాయమునకు ఒకమారే అని తీర్పు చెప్పితిని. రాక్షసుడు గంట మ్రోగించెను. వచ్చిన గుంపు చేతిలో వారి పాత్రలన్నియు హతమైనవి.

ఆ బాలిక వాదింపలేదు. "సార్, పుస్తకంలో అట్లే ఉందా, మీరు రాసినారా?" అని మాత్రము అడిగినది. అట్లే యున్నదని చెప్పితిని. తరువాతి రెండు శనివారములు ఆమె ఆటకు రాలేదు.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మూలమును మరల తెరచి చూచితిని. గ్రంథమున చుట్టునకు ఒకమారని లేదు. వంతునకు ఒకమారని యున్నది. ఎవరి వంతునకు? తన వంతునకే యని లేదు. కావున ఏ వంతైనను సరియే. రాక్షసుని వంతు వేరొక వంతు. ఆ వంతున ఆమె దొంగదెబ్బ ఇంకను వాడబడలేదు. ఇట్లయిన దొంగ ఎన్ని వంతులు వచ్చిన అన్ని దెబ్బలు వేయునా అను భయము అక్కరలేదు. పరుల వంతున కొట్టుటకు సాధారణముగా ప్రతిక్రియ కావలెను; ప్రతిక్రియ తన వంతునుండి తిరిగి తన వంతు వచ్చువరకు ఒక్కటే. ఒక సూత్రమునకు మరియొక సూత్రము కళ్ళెము వేసియే యున్నది. నేను వేరుగా వేయవలసిన పని లేకుండెను.

తప్పు ఎచట జరిగినది? 'పర్యాయము' అను మాటయందు. అది వంతునకును చెల్లును, చుట్టునకును చెల్లును, 'మారు' అను అర్థమునను చెల్లును. వాడుకలో అది గుణమే. సూత్రమున అది దోషము. రెండు సంజ్ఞలను ఒక్క మాటలో కలిపివేసి, ఆ మాటను చూచియే తీర్పు చెప్పి, మూలమున అట్లే యున్నదని పలికితిని. మూడింటిలో చివరిదియే పెద్దతప్పు.

ఉపసంహారము

మూడవ శనివారము నేను ఆ బాలికను పిలిపించి, అందరి యెదుట నా పొరపాటును చెప్పితిని. ఆ పోరును రాక్షసుని వంతునుండి మరల నడిపించితిమి. అదను దెబ్బ తగిలిన పిదప రాక్షసునకు అయిదు పాళ్ళ ప్రాణబలము మిగిలి యుండెను. ఆమె దొంగదెబ్బ పాచిక వేసినది, మూడు పడినది. రాక్షసుడు రెండు పాళ్ళ ప్రాణముతో తప్పించుకొని గంట మ్రోగించెను. కథ ఆ పిమ్మట మునుపటివలెనే నడచినది. పాచికతో ఆమె తగవు పెట్టుకొనలేదు. సంగ్రహమును అడిగి తీసికొని, 'పర్యాయమునకు ఒకమారు' అను దానిని కొట్టివేసి, "ఒక్కొక్క వంతుకు ఒకసారి, ఎవరి వంతైనా సరే" అని తన చేతితో వ్రాసినది.

మావంటి పాఠశాలలలో తెలుగు చదువు పిల్లలకు వ్యాకరణము దేనికి పనికివచ్చునను ప్రశ్న ఇంటను, వీధిని ఎదురగుచునే యున్నది. దానికి పెద్ద సమాధానములు కలవు, సభలలో వినుచున్నాము. నాకు తెలిసిన చిన్న సమాధానమిది. నిత్యమునకును వైకల్పికమునకును, తనకును వానికిని, ముందునకును పిదపకును గల భేదమును గుర్తెరిగిన పిల్లవాడు ఏ భాషలో వ్రాసిన సూత్రమునైనను చదువగలడు. తనపై చెప్పబడిన తీర్పు సూత్రములోనిదో, చెప్పినవానిదో అడుగగలడు. ఇట్టి ఆటలకు తెలుగున సంగ్రహములు వ్రాయబూనువారు ముందుగా సంజ్ఞలను నిర్ణయించుకొని, ఒక సంజ్ఞకు ఒకే మాటను ఆద్యంతము పాటింతురు గాక అని నా మనవి. వంతు, చుట్టు అను మాటలకంటె మేలైనవి తోచినచో విజ్ఞులు తెలుపుదురు గాక.